రాహేలు వద్దన్న మంచినీళ్ళు

ఏది తప్పు, ఏది ఒప్పు అని అడిగితే మాణిక్యాంబ గారు జవాబు చెప్పేవారు కారు. ముప్పై నాలుగేళ్ళు మేజిస్ట్రేటుగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టిందనేవారు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని పురమాయించేవారు. పప్పులో రాళ్ళు ఏరమనేవారు, పోస్టాఫీసుకు వెళ్ళి రమ్మనేవారు, లేకపోతే తనతో ఊరికి రమ్మనేవారు. ఆ పని అయ్యేసరికి అడిగిన ప్రశ్న అడిగినవాళ్ళకే కొత్తగా కనబడేది. అలా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళందరిలోకీ సుచరిత చిన్నది. పరీక్ష నెగ్గి, మాణిక్యాంబ గారుండే పట్నంలోనే మేజిస్ట్రేటు కుర్చీలో కూర్చుని అప్పటికి ఏడాది కాలేదు.

ఒక శనివారం సాయంత్రం ఆమె వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగింది.

“అమ్మా, అతివేగంగా బండి నడపడం ఒక తప్పు. దాన్నుంచి బయటపడడానికి లేని జబ్బు చెప్పడం ఇంకో తప్పు. రెంటిలో ఏది పెద్దది?”

మాణిక్యాంబ గారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. “ముందు ఎవరి మీద కోపమో చెప్పు” అన్నారు.

కోపం చాలామంది మీదే ఉంది. స్పీడ్ గన్‌కు దొరికి కోర్టుకు వచ్చిన ప్రతివాడి ఇంట్లోనూ ఎవరో ఒకరు చావుబతుకుల్లో ఉంటారు. ఒకడి నాన్నకు గుండెపోటు. ఇంకొకడికి షుగరు పడిపోయింది. ఒక పెద్దమనిషి భార్యకైతే ఆరు నెలల్లో మూడుసార్లు పురిటి నొప్పులొచ్చాయి. వీళ్ళను విని విని నవ్వుకోవడం సుచరితకు అలవాటైంది. నవ్వు రానిది రాహేలు దగ్గర. రాహేలు పాల వ్యాను నడుపుతుంది. తెల్లారకముందే పల్లెల్లో పాలు ఎక్కించుకుని పాలకేంద్రంలో దించి, ఖాళీ క్యాన్లతో తిరిగొస్తుంది. అలా తిరిగొస్తూనే దొరికింది. ఇది మూడోసారి. కూతురికి మూర్ఛ వచ్చిందని ఇంటి నుంచి కబురొస్తే పరిగెత్తానని బోనులో నిలబడి చెప్పింది. ఆ పూట ఆ పిల్ల బడిలోనే ఉందని పోలీసులు హాజరుపట్టీ తెచ్చి చూపించారు.

“కన్నతల్లి అమ్మా! సొంత బిడ్డ మీద జబ్బు పెట్టింది. పట్టుబడ్డాకైనా తల దించిందా? లేదు. ఎండలో పన్నెండింటిదాకా నిలబడిందని జాలిపడి అటెండరు చేత మంచినీళ్ళు ఇప్పిస్తే, వద్దని గ్లాసు పక్కకి నెట్టింది. అంత పొగరు! సోమవారం తీర్పు. లైసెన్సు ఆరు నెలలు తీసేస్తాను.”

“తీసేస్తే ఆవిడ పని?”

“పాలకేంద్రంవాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారు. అది నేను చూడాల్సింది కాదు.”

మాణిక్యాంబ గారు చిక్కుడుకాయల పళ్ళెం ఎత్తి పక్కన పెట్టారు. “రేపు జిల్లా కేంద్రంలో లా చదివే పిల్లలకు క్లాసు చెప్పాలి. తోడు రా. దారిలో మాట్లాడుకుందాం” అన్నారు.

దారిలో వాళ్ళు మాట్లాడుకున్నది తక్కువ. క్లాసు అయ్యింది, భోజనాలయ్యాయి. ఎండ మండిపోతోందని నిర్వాహకులు నిమ్మరసం ఇచ్చారు, ఆపైన మజ్జిగ ఇచ్చారు. సుచరిత రెండూ తాగింది, మజ్జిగ బాగుందని ఇంకో గ్లాసు అడిగి పుచ్చుకుంది. మాణిక్యాంబ గారు తన గ్లాసు మీద అరచెయ్యి మూసి, చాలన్నట్టు తల ఊపారు. రెండింటికి బయల్దేరారు. కారు నడిపేది ఖాసిం. ముప్పై ఏళ్ళ డ్రైవరీలో ఒక్క చలానా లేని మనిషి. ఆ సంగతి కారెక్కిన ప్రతివారికీ చెప్పనిదే ఆయనకు తోచదు. అరవై దాటకూడదని బోర్డున్న చోట ఆయన ముల్లు యాభై ఎనిమిది దగ్గర ఆగేది.

నలభై కిలోమీటర్లు వచ్చేసరికి సుచరిత సీట్లో అటూ ఇటూ సర్దుకుంది. ఇంకో అయిదు గడిచాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపమంది. బంకు వెనక గదికి ఆడవాళ్ళ బొమ్మ ఉంది, తలుపుకు తాళం ఉంది. తాళంచెవి గల్లా దగ్గర కూర్చునే అబ్బాయి దగ్గరుంటుంది, అతను భోజనానికి ఊళ్ళోకి వెళ్ళాడు. టైర్లకు గాలి పట్టే చోట నిలబడ్డ నలుగురు మగవాళ్ళు మాటలాపి ఆమెనే చూశారు.

“ఏం కావాలి మేడమ్?” అన్నాడు ఒకడు.

పెద్ద పెద్ద ప్లీడర్ల నోళ్ళు మూయించిన సుచరిత, “మంచినీళ్ళ సీసా ఉందా?” అంది.

కొనుక్కుని వచ్చి కారెక్కింది. ఇంకో బంకులో ఆ గది నిండా ఆయిలు డ్రమ్ములున్నాయి. ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా మిరప కోసేసిన బోడి నేల, చాటు అనుకోవడానికి పొద కూడా లేదు. ఆ రోడ్డును కొత్తగా వెడల్పు చేశారు. నడుమ పూలమొక్కలు పెట్టారు, వాటికి వేళ తప్పకుండా ట్యాంకరు వచ్చి నీళ్ళు పోస్తుంది. ఆ నీళ్ళ చప్పుడు కిటికీలోంచి వినబడుతుంటే సుచరిత పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది.

“ఖాసిం గారూ, కాస్త తొందరగా పోనివ్వండి” అంది చివరికి.

“ఏమైంది మేడం గారూ?”

“తల... తల తిరుగుతోంది.”

“అయ్యో, అట్టాగా! సోడా కొట్టించుకొస్తానుండండి.”

“సోడా వద్దు! వద్దండీ బాబూ, పోనివ్వండి!”

ఖాసిం అద్దంలోంచి మాణిక్యాంబ గారి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన బిస్మిల్లా అనుకుని కాలు నొక్కాడు. ముల్లు ఎనభై అయింది, తొంభై అయింది. తంగెళ్ళపాడు మలుపు తిరగ్గానే చింతచెట్టు కింద పోలీసు బండి, చెయ్యెత్తి నిలబడ్డ కానిస్టేబులు.

“ఏం తాతా, ఇది కారనుకున్నావా, విమానమనుకున్నావా?”

“లోపల జబ్బు మనిషి ఉంది బాబూ.”

కానిస్టేబులు పక్కవాడిని చూసి నవ్వాడు. “విన్నావా? ఈ రోడ్డు మీద ఉన్నంతమంది రోగులు పెద్దాసుపత్రిలో కూడా లేరు.” వంగి వెనక సీటు కిటికీలోకి తొంగి చూశాడు. “ఏం జబ్బమ్మా?”

తను ఎవరో చెబితే అతను సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకుంటాడు. ఉన్నమాట చెబితే ఏం చేస్తాడో ఆమెకు తెలియదు. రెంటిలో ఏదీ చెప్పలేకపోయింది. “తల తిరిగింది” అంది. ఆ గొంతు కోర్టులో ఎప్పుడో విన్నట్టుంది ఆమెకు.

చలానా రాయడం మొదలైంది. బండి అవతలి పక్క నీడలో ఇంకో కానిస్టేబులు ఉంది, ఆడమనిషి. పొద్దుటి నుంచి అక్కడే నిలబడి మొహం వడలిపోయింది. ఆమె సుచరితను ఒక్కసారి చూసింది. అంతే, ఇంకేమీ అడగలేదు. కారు తలుపు తెరిచి, మగవాళ్ళందరికీ వినబడేలా, “తల తిరిగితే కార్లో కూర్చోకూడదు మేడమ్, రండి, ఆ పశువుల ఆసుపత్రి అరుగు మీద గాలి తగులుతుంది” అంది. నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించింది. “దొడ్లో గది ఉంది. తలుపుకు గడియ లేదు. నేను నిలబడతాలే, పదండి. నాకు కూడా అదే దిక్కు. మీరొచ్చాక మీరు నిలబడుదురుగాని.”

ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు.

తిరిగి వచ్చేసరికి ఖాసిం చలానా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటున్నాడు. “ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిది” అన్నాడు. ఆమె మొహం చూసి వెంటనే, “పర్లేదులెండి. ఒంటికంటే ఎక్కువా? ఇప్పుడెట్టా ఉంది తల?” అన్నాడు. సుచరిత కారెక్కి కూర్చుంది. ఇంటిదాకా తల ఎత్తలేదు.

మాణిక్యాంబ గారి ఇంటి ముందు కారు దిగాక కూడా ఆమె వెళ్ళిపోలేదు, వెనకే లోపలికి వచ్చింది.

“అమ్మా, నేను అబద్ధమాడాను.”

“విన్నాను.”

“ఎందుకాడానో మీకు తెలుసా?”

మాణిక్యాంబ గారు వంటింట్లోకి వెళ్ళి కుండలోంచి చెంబు ముంచుకున్నారు. నిలబడే గుక్క తిప్పుకోకుండా సగం తాగారు. ఆగి ఊపిరి పీల్చుకుని, మిగతా సగం తాగారు. పొద్దున్న ఆరు గంటలకు ఇల్లు కదిలిన మనిషి ఇప్పటిదాకా నీళ్ళ చుక్క ముట్టుకోలేదన్నది సుచరితకు అప్పుడు తట్టింది.

“మీరు ప్రయాణాల్లో ఎప్పుడూ తాగరా?”

“సర్వీసులో చేరిన మొదటి ఏడాది మానేశాను. ఆ ఏడాది ఏం జరిగి మానేశానో మాత్రం అడక్కు” అని నవ్వారు. చెంబు బోర్లించారు.

సుచరిత గడప దగ్గరే నిలబడింది. “అయితే రాహేలును వదిలేయమంటారా?”

“ఖాసిం చలానా కొట్టేయించావా?”

“లేదు. మలుపులో ఎవరైనా అడ్డం వచ్చుంటే...” మాట మధ్యలో ఆగిపోయింది. “వేగానికి వెయ్యాల్సిన జరిమానా వేస్తాను. ఆ లైసెన్సు సంగతే... అమ్మా, తీర్పు రాసి పెట్టేశాను. సంతకం ఒక్కటే తక్కువ. ఆవిడేమో కూతురికి మూర్ఛ అని తప్ప ఇంకోమాట చెప్పదు. కోర్టు నిండా మగవాళ్ళు. నేనేమని అడగను? ఏమని చెబుతుంది?”

మాణిక్యాంబ గారు పమిటతో మూతి తుడుచుకున్నారు.

“మొన్న నువ్విప్పించిన మంచినీళ్ళు వద్దని నెట్టిందన్నావు గదా. రేపు ఆవిడను ఒక్కదాన్నే నీ గదికి పిలిపించి, తలుపులు వేయించి, మళ్ళీ ఇవ్వు. ఈసారి నీ చేత్తోనే. తాగకపోతే పొగరనుకోక, ఇంటికి ఎంత దూరమని అడుగు.”