తలుపు దగ్గర ఆగిపోయిన లేడి కోడలు

అనగనగా ఒక అడవి పిల్లలూ. ఎంత చిక్కటి అడవంటే, పొద్దున్నే బయల్దేరిన ఎండ ఆకుల్లోంచి దారి వెతుక్కుని నేలకి దిగేసరికి ముసలిదైపోయేది. ఆ అడవిలో జంతువులకి ఒక కేబుల్ ఛానల్ ఉండేది. నవ్వకండి. మీ ఇంట్లో ఉండగా, వాళ్లకెందుకు ఉండకూడదు?

దాని పేరు గడప ఛానల్. యజమాని గుంటనక్క గవరయ్య. అందులో వార్తలు రావు, ఆటలు రావు. సీరియల్ ఒక్కటే వస్తుంది. పోగులమ్మ అనే సాలీడు కొండగుహలో కూర్చుని పెద్ద గూడు నేసేది. అందులో బొమ్మలు నేస్తే అవి కదిలేవి, మాట్లాడేవి, ఏడ్చేవి. ఆ గూటి నుంచి చెట్టుచెట్టుకీ దారం లాగి, ప్రతి ఇంటి ముందూ ఒక చిన్న గూడు తెరలా కట్టింది. గుహలో ఏది కదిలితే ఇంటి ముందు అదే కదిలేది. ఆ దారమంతా ఉండ చుడితే చందమామ దాని పక్కన రేగిపండులా ఉంటుంది. అనుమానమైతే మీరే చుట్టి చూడండి.

సీరియల్ పేరు 'లేడి కోడలు'. ఎలుగుబంటి అత్త, లేడి కోడలు. అత్త పెట్టే బాధలకి కోడలు కార్చిన కన్నీళ్లతో అడవిలో మూడు వాగులు పుట్టాయి. దీపాలు పెట్టే వేళ అయిందంటే ఎక్కడివాళ్లక్కడ తెరముందు కూలబడేవాళ్లు. పులి నోట్లో ఉన్న కుందేలు సైతం, "కాస్త ఆగు బాబూ, సీరియల్ అయ్యాక తిందువు గాని" అనేది. పులి ఆగేది. సీరియల్ అయ్యేసరికి ఏడ్చి ఏడ్చి, దానికి ఆకలి చచ్చిపోయేది.

ముళ్లపంది సూరాలమ్మ అయితే చింతపండు పిక్కలు తీస్తూ, తెరలోని అత్తని తిట్టిపోసేది. "ఒసేయ్ ఎలుగుగొడ్డూ! ఆ పిల్లకి ఇంత ముద్ద పెడితే నీ బొచ్చు ఊడిపోతుందా?"

ఒకరోజు గవరయ్య పక్క కొండకి చుట్టపుచూపుగా వెళ్లాడు. అక్కడి ఛానల్లో కాకులు గుండ్రంగా కూర్చుని ఒకదాని మీదొకటి అరుచుకుంటున్నాయి. కొండంతా నోరు తెరుచుకుని చూస్తోంది. గవరయ్యకి అసూయ పుట్టింది. ఆ అసూయ వేడికి మీసాలు మాడిపోయాయి.

తిరిగొచ్చి పోగులమ్మతో అన్నాడు. "ఇంకెన్నాళ్లీ ఏడుపు? మనమూ మారాలి."

మొదట చీమల వంట పెట్టాడు. సీరియల్ సగానికి తగ్గింది. తర్వాత కాకుల అరుపులు పెట్టాడు. సీరియల్ రెప్పపాటంత అయింది. ఆ రెప్పపాటులో ఏం వచ్చిందో చెబుతాను, వినండి.

అత్త వెళ్లగొట్టిన లేడి కోడలు జోరువానలో తిరిగొచ్చింది. గడప ముందు నిలబడింది. ఒక కాలు ఎత్తింది. "అత్తయ్యా, తలుపు తియ్యండి" అంది. లోపల ఎలుగుబంటి అత్త మనసు కరిగింది. లేచి వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. అంతే. 'మిగతా కథ రేపు' అని పడింది.

ఆ మర్నాడు సీరియల్ రాలేదు. దాని బదులు దెయ్యాల వేట వచ్చింది. ముంగిస ఒకటి టార్చిలైటు పట్టుకుని, పొదలు కదుపుతూ, "అదిగో! అదిగో!" అని వణకడమే ఆ కార్యక్రమం.

"మరి కోడలు?" అంది పోగులమ్మ. "రేపు అని చెప్పాం కదా బాబూ. పాపం వానలో నిలబడి ఉంది."

"నేసిన బొమ్మకి వానేంటి, ఎండేంటి? అదలా ఉండనీ. ఆ అత్త బొమ్మని విప్పెయ్. నల్లదారం బాగుంటుంది, దెయ్యాన్ని నేద్దాం."

పోగులమ్మకి మనసొప్పలేదు. అయినా యజమాని మాట. అత్తని పోగుపోగుగా విప్పేసింది. తలుపు వెనక ఖాళీ. తలుపు ముందు కోడలు, ఎత్తిన కాలు ఎత్తినట్టే.

దెయ్యాల వేటకి అడవి ఊగిపోయింది. గవరయ్య మురిసిపోయాడు. కొన్నాళ్లకి పోగులమ్మ పాత గూడు దులుపుదామని గుహ మూలకి వెళ్లింది. వెళ్లి కొయ్యబారింది. గూట్లో కోడలు లేదు. లేడి ఆకారంలో ఒక కంత ఉంది. కంతలోంచి చల్లటి గాలి వీస్తోంది. కింద రాతి మీద బొట్టుబొట్టుగా నీళ్లు.

అది నడివేసవి. అడవిలో చుక్క వాన లేదు.

ఆ సాయంత్రమే కుందేలు ఇంటి తలుపు చప్పుడైంది. టక్. టక్.

"అత్తయ్యా, తలుపు తియ్యండి. తడిసిపోతున్నాను."

కుందేలు భయపడి తలుపు తియ్యలేదు. తెల్లారి చూస్తే, ముల్లంగి కొరకడానికి నోరు తెరిచిన కుందేలు అలాగే ఉంది. కొరకడం లేదు, మూయడం లేదు. కళ్లు మాత్రం కదులుతున్నాయి. ఆ తర్వాత కోతి ఇల్లు. ఆవులింత సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత దుప్పి ఇల్లు. పొయ్యి మీద పాలు పొంగి గిన్నె అంచు దాటి గాలిలో నిలిచిపోయాయి. కిందికి దిగవు, పైకి పోవు. కాకి 'కా' అనబోయి 'క' దగ్గరే ఆగిపోయింది. అడవి మెల్లమెల్లగా నిశ్శబ్దమైంది. చీమ నడిస్తే ఏనుగు నడిచినట్టు వినబడేది.

సూరాలమ్మ ఇంటికీ వచ్చింది. సూరాలమ్మకి భయం కన్నా జాలి ఎక్కువ. ధడాలున తలుపు తీసింది. ఎదురుగా ఎవరూ లేరు. గడప ముందు నీళ్ల మడుగు, అందులో మూడు గిట్టల గుర్తులు. నాలుగోది లేదు.

"రామ్మా లోపలికి, తల తుడుస్తాను" అంది సూరాలమ్మ.

గాలిలోంచి గొంతు వచ్చింది. "మీరు మా అత్తయ్య కారండీ. మా అత్తయ్య గడియ మీద చెయ్యి వేసింది. నేను విన్నాను."

మడుగు కదిలి పక్కింటి వైపు వెళ్లిపోయింది.

సూరాలమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకుని గవరయ్య మీదికి వచ్చింది. "ఏమయ్యా గవరయ్యా! దెయ్యాల్ని వేటాడతానన్నావు. ఇదిగో, నువ్వు కన్న దెయ్యం ఇల్లిల్లూ తిరుగుతోంది. పట్టుకో!"

గవరయ్య నవ్వేశాడు. "ఇంత దానికేనా? తలుపు కొడితే 'రేపు రా' అని చెప్పండి. వెళ్లిపోతుంది."

అందరూ అలాగే చెప్పారు. నిజంగానే వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది. ఈసారి సాయంత్రం దాకా ఆగలేదు, మిట్టమధ్యాహ్నమే వచ్చింది. 'రేపు రా' అన్న ప్రతి ఇంటి ముందూ ఒకేసారి నిలబడింది. "రేపైంది కదండీ" అంది. అన్ని తలుపుల మీదా ఒకటే చప్పుడు. టక్. టక్.

అప్పుడు గవరయ్యకి కాస్త చెమట పట్టింది. సీరియల్‌ని తొందరగా ముగించెయ్యమన్నాడు. బొమ్మల్లేవు, మాటల్లేవు. ఖాళీ తెర మీద పెద్ద అక్షరాలు. 'లేడి కోడలు అత్తవారింట సుఖంగా ఉంది. శుభం.'

తెర ముందు మడుగు వచ్చి ఆగింది. చాలాసేపు చదివినట్టుంది.

"మరి నేనెందుకు తడుస్తున్నాను?" అంది గొంతు.

మడుగు గవరయ్య ఇంటి దారి పట్టింది.

గవరయ్యకి పైడి అని ఒక చిన్న కూతురు. ఆ పిల్ల గంతులు వేస్తే తోక వెనక పడి, పరుగున వచ్చి కలిసేది. అప్పుడు వాగు అవతలి గట్టు మీద ఉంది. తండ్రిని చూసి, "నాన్నా, పట్టుకో!" అని ఎగిరింది. గవరయ్య చేతులు చాచాడు.

వెనక నుంచి చల్లటి గొంతు. "అత్తయ్యా, తలుపు తియ్యండి."

గవరయ్య అలవాటుగా నోటికొచ్చిన మాట అనేశాడు. "రేపు రా!"

పైడి వాగు మధ్యలో, గాలిలో ఆగిపోయింది. చెవులు వెనక్కి వాలి ఉన్నాయి. నవ్వు సగం విచ్చుకుని ఉంది. కింద వాగు పారుతోంది, పిల్ల నీడ నీళ్ల మీద పారకుండా నిలిచి ఉంది. గవరయ్య నీళ్లలోకి దూకి ఎగిరి అందుకోబోయాడు. పిల్ల కాళ్లు అందాయి గానీ, ఎంత లాగినా కొండని లాగినట్టే. పిల్ల కళ్లు మాత్రం తండ్రినే చూస్తున్నాయి. వాటిలో నీళ్లు ఊరి, జారకుండా ఆగిపోయాయి.

ఒడ్డున వాళ్లమ్మ గుండెలు బాదుకుంది. "ఏం చేశావయ్యా నా పిల్లని!"

గవరయ్య గుహకి పరుగెత్తి పోగులమ్మ కాళ్ల మీద పడ్డాడు. ఏ కాళ్లని పట్టుకోవాలో తెలియక ఎనిమిదీ పట్టుకున్నాడు.

"పోగులమ్మా, మిగతా కథ నెయ్యి. నీకు పుణ్యముంటుంది!"

"నేస్తాను బాబూ. గూడు నేస్తాను, వాన నేస్తాను, ఇల్లు నేస్తాను. అత్తని నెయ్యలేను. విప్పిన దారం దెయ్యమైపోయింది, మళ్లీ అత్త కాదు. తలుపు వెనక ఎవరో ఒకరు ఉండాలి. తీస్తానని మాటిచ్చినవాళ్లు."

"మాటిచ్చింది ఎవరు?"

వెనకే వచ్చిన సూరాలమ్మ గుహ వాకిట్లోంచి అంది. "రేపు అన్నదెవరయ్యా? నేనా?"

గవరయ్య తల వంచుకున్నాడు. గూటి వైపు చూశాడు. లేడి ఆకారపు కంత నల్లగా నోరు తెరుచుకుని ఉంది. "లోపలికి పోతే తిరిగి రావచ్చా?" అని అడిగాడు.

"కథ ముగిస్తే రావచ్చు" అంది పోగులమ్మ.

గవరయ్య ఆ కంతలో దూరాడు.

అడవిలో మిగిలిన వాళ్లంతా తెరల ముందు చేరారు. తెరలో చిన్న ఇల్లు. మూలన దీపం. తలుపు వెనక, అత్త చీర చుట్టుకుని గుంటనక్క. ఎవరికీ నవ్వు రాలేదు. బయట వాన కురుస్తున్న చప్పుడు. టక్. టక్.

"అత్తయ్యా, తలుపు తియ్యండి."

గవరయ్య గడియ మీద చెయ్యి వేశాడు. తీశాడు.

అమ్మో, ఏం చెప్పను! ఎన్నాళ్లో వానలో నిలబడ్డ బొమ్మ కదా. పోగులు కారిపోయి మొహం లేదు. కళ్లుండాల్సిన చోట నీళ్లు జారుతున్నాయి. ఎత్తిన కాలు ఇంకా ఎత్తే ఉంది.

"ఆలస్యమైందా అత్తయ్యా?" అంది.

గవరయ్య పారిపోలేదు. "ఆలస్యం నాదమ్మా. కాలు దించు. లోపలికి రా."

కాలు గడప లోపల ఆనింది.

ఆ క్షణాన అడవి బద్దలైనంత చప్పుడు. కుందేలు ముల్లంగి కరకరా కొరికింది. కోతి ఆవులింతకి ఏడు చెట్లు వంగాయి. దుప్పి ఇంట్లో పాలు పొయ్యి మీద భళ్లున పడ్డాయి. కాకి అన్నాళ్లు దాచుకున్న 'కా' విని పక్క కొండ వాళ్లు చెవులు మూసుకున్నారు. వాగు మధ్యలోంచి పైడి వచ్చి తల్లి ఒళ్లో పడింది. లేస్తూనే అడిగింది.

"నాన్నేడీ?"

తల్లి గట్టు మీది ఇంటి ముందున్న తెర వైపు చూపించింది. తెరలో గవరయ్య కోడలి తల తుడుస్తున్నాడు.

ఆ రోజు నుంచి పోగులమ్మ పగలూ రాత్రీ నేసింది. వంటలు లేవు, అరుపులు లేవు, వేట లేదు. రోజూ దీపాలు పెట్టే వేళకి కోడలు తన గోడంతా చెప్పేది. తెరలోని నక్క పొయ్యి ముందు కూర్చుని వినేవాడు. మధ్యలో లేవబోతే ఆమె మొహం మళ్లీ చెరిగిపోయేది. కూర్చుంటే ఒక కన్ను, ఒక చెవి తిరిగి వచ్చేవి. పైడి తెరముందే అన్నం తినేది, తెరముందే నిద్రపోయేది.

కోడలి మొహం పూర్తిగా వచ్చిన రోజున పోగులమ్మ ఆఖరి ముడి వేసింది. గూడు ఖాళీ అయింది. గుహలోంచి గవరయ్య నడిచి వచ్చాడు. బయట ఎండకి రాళ్లు పేలాల్లా పేలుతున్నాయి. గవరయ్య మాత్రం నిలువునా తడిసి ఉన్నాడు.

పైడి తండ్రి మెడని కరుచుకుంది. "అన్నాళ్లూ లోపల ఏం చేశావు నాన్నా?"

"విన్నాను తల్లీ. చివరిదాకా విన్నాను."

గవరయ్య తడి అడుగుల పక్కనే గిట్టల అడుగులు కూడా గుహలోంచి వచ్చాయి. నాలుగూ ఉన్నాయి. చెట్ల మధ్యగా సాగి, అడవి దాటి, కంచి వైపు దారి పట్టాయి. అవి ఎండిపోయేదాకా అందరూ అక్కడే నిలబడి చూశారు. ఆ తర్వాత ఎవరింటికి వాళ్లు వెళ్లి, తలుపులు తీసి పెట్టుకుని పడుకున్నారు.

నీతి: రేపు అని మాటిచ్చి మధ్యలో వదిలేసిన పని, ఎప్పుడో ఒకప్పుడు మన తలుపే తడుతుంది. మొదలుపెట్టినవాళ్లే దాన్ని ముగించాలి.