కొర్రలు దంచినవాళ్లు

మద్దిలేటి ఆ పొద్దున మఠం వంటసాలలోంచి బియ్యం మూట లాక్కొచ్చి గురువు దస్తగిరి తాత ముందు దబ్బున పడేశాడు.

మర్నాడు మఠం పాత గురువు పెద్దతాత ఆరాధన. ఆయన సమాధికి అరవై ఏళ్లుగా కొర్రన్నమే నైవేద్యం. వచ్చిన నూరు మందికీ అదే భోజనం. నాలుగేళ్ల కిందట కాలువ వచ్చింది. కొర్ర చేలన్నీ వరిమళ్లయ్యాయి. ఊరూరా వడ్ల మర లేచింది. పెళ్లికీ చావుకూ తెల్లన్నమే అయింది. ఇప్పుడు వంట చేసే ఆడవాళ్లు ఆరాధనకు కూడా అదే వండుతామంటున్నారు.

"ఒళ్లు వంచలేక ఆచారాన్ని వదిలేశారు తాతా. రేపు వరన్నం పెడితే నేనీ మఠంలో ఉండను" అన్నాడు మద్దిలేటి.

దస్తగిరి తాత అటక మీది కొర్రల బస్తా దింపించి, రోకలి తెచ్చి శిష్యుడి చేతికిచ్చాడు.

పన్నెండేళ్లుగా మఠంలో ఉన్నా మద్దిలేటి ఎన్నడూ రోకలి పట్టలేదు. ఇదెంత పని అనుకుని జామంతా దంచాడు. వంట పెద్ద ఓబులక్క చేటతో చెరిగి, గింజలు అరచేతిలో పోసుకుని చూసింది.

"పొట్టు సగం కూడా పోలేదు సామీ. మళ్లా దంచు. ఆచారం కదా."

వెనకనున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

దంచాడు, చెరిగాడు, మళ్లా దంచాడు. పొద్దుగూకేసరికి ఇరవై మందికి సరిపడా గింజలు తేలాయి. అరచేతుల్లో బొబ్బలు చితికాయి. ఒళ్లు మండి రోకలి నేలకేసి కొట్టాడు. వడ్లకు మర పెట్టినవాళ్లకు కొర్రలకూ ఒకటి పెట్టాలని తోచలేదా అని అరిచాడు.

"ఈ పన్నెండేళ్లలో నీకు తోచిందా?" అన్నాడు తాత.

మద్దిలేటి రోకలి తీసుకుని రోటి పక్కన కూర్చున్నాడు.

"పొద్దున్నే చదువుతావే, మన గురువుల పేర్లు. చెప్పు."

ఏడు తరాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"అరవై ఏళ్లుగా ఇక్కడ కొర్రలు దంచినవాళ్ల పేర్లు చెప్పు."

"ఓబులక్క" అన్నాడు మద్దిలేటి. ఆ ఒక్క పేరే తెలుసు.

లేచి, రోకలిని గోడకు ఆనించాడు. పొద్దున తాను పడేసిన బియ్యం మూటను భుజానికెత్తుకుని వంటసాలకు మోసుకెళ్లాడు. మూట దించి, గడప దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, నీకు ముందు ఇక్కడ దంచినామె పేరేంది?"