లేయమ్మ ఎత్తుకున్న పాట

కరుణమ్మగారు ఎవరితోనూ వాదించరు. డెల్టా పల్లెల్లో నలభై ఏళ్ళు బైబిలు స్త్రీగా ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, ఇప్పుడు బైబిలు పాఠశాలలో ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నారు. ఎవరైనా ఏదైనా అడిగితే, తాను చూసిన మనుషుల్లో ఒకరి సంగతి చెప్పి ఊరుకుంటారు.

ఒక సాయంత్రం సలోమి అనే విద్యార్థిని ఆమె దగ్గరకు వచ్చింది. మర్నాడు, బిడ్డను పోగొట్టుకున్న ఒక ఇంట్లో ఆదరణ కూడిక ఉంది. అందులో సలోమి వాక్యం చెప్పాలి. అదే మొదటిసారి.

"అమ్మగారూ, బాధలో ఉన్నవాళ్ళకు స్తుతి కీర్తన చదివితే ధైర్యం వస్తుంది కదా. మీరేమో విలాప కీర్తన చదవమన్నారు. ఎక్కడున్నావు, ఇంకా ఎన్నాళ్ళు అని దేవుణ్ణి నిలదీసే మాటలు వింటే, ఉన్న విశ్వాసం కూడా పోదా?"

అప్పుడు కరుణమ్మగారు చెప్పింది ఇది.

ఆమె పనిలో చేరిన కొత్తలో, గోదావరి మధ్య ఒక లంక ఊళ్ళో లేయమ్మ అనే నాట్ల కూలీ ఉండేది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ గొంతు లేవందే ఆదివారం ఆరాధన మొదలయ్యేది కాదు. ఆమెకు ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది. వానాకాలంలో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. ఏరు పొంగి పడవ ఆలస్యమైంది. ఆసుపత్రికి చేరేలోగా పిల్ల తల్లి ఒళ్ళోనే కన్నుమూసింది.

లేయమ్మ చర్చికి రావడం మానేసింది. ఊరివాళ్ళు ఇంటికొచ్చి పాటలు పాడి, ప్రార్థన చేసి వెళ్ళారు. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. కరుణమ్మగారు కూడా వెళ్ళి, అందరూ చెప్పే మాటే చెప్పారు.

"దేవుడు తన తోట కోసం ఒక పువ్వు కోసుకున్నాడు, లేయమ్మా."

లేయమ్మ తల తిప్పింది. "ఆయన తోటలో పువ్వులు లేవా అండీ? నాకున్నది ఒకటేనండి."

ఆ తరవాత మూడు రోజులు కరుణమ్మగారు వెళ్ళి, ఊరికే పక్కన కూర్చుని వచ్చారు. నాలుగో రోజు, చెప్పడానికి సొంత మాట ఏదీ దొరక్క, బైబిలు తెరిచి విలాప కీర్తనలు కొన్ని చదివారు. ఏడ్చి ఏడ్చి పడక తడిసిపోయిందని, దేవుడు ముఖం తిప్పేసుకున్నాడని, పిలిచి పిలిచి గొంతు ఎండిపోయిందని ఎవరో ఎప్పుడో మొరపెట్టుకున్న మాటలవి.

లేయమ్మ దగ్గరకు జరిగింది. "మీరు కల్పించి చెబుతున్నారా అండీ?"

"లేదు. ఇందులోనే ఉంది."

లేయమ్మకు చదువు రాదు. కరుణమ్మగారు ఆమె వేలు పట్టుకుని ఆ మాటలున్న వరస మీద పెట్టారు.

"అలా అడిగినందుకు దేవుడు ఆ మనిషిని ఏం చేశాడండీ?"

"ఏమీ చెయ్యలేదు. ఆ మాటల్ని తన పుస్తకంలో ఉంచుకున్నాడు."

లేయమ్మ వేలు తియ్యలేదు. కాసేపటికి మాట్లాడడం మొదలుపెట్టింది, కరుణమ్మగారితో కాదు. పడవ ఎందుకు ఆలస్యం చేశావని అడిగింది. అంతగా పిలిచినా ఎందుకు వినలేదని అడిగింది. నువ్వు తండ్రివేనా అని అడిగింది. పొద్దు వాలేదాకా అడుగుతూనే ఉంది. పిల్ల పోయినప్పట్నుంచీ కంట నీరు పెట్టని ఆమె భర్త, గుమ్మంలో నిలబడి విని, అక్కడే కూలబడి ఏడ్చాడు. అంతా అయ్యాక కరుణమ్మగారు "ఆమెన్" అన్నారు.

రెండు వారాల తరవాత ఒక ఆదివారం లేయమ్మ చర్చికి వచ్చింది. పాత పాట ఏదీ ఎత్తుకోలేదు. "ఎందుకు వినలేదు తండ్రీ" అని తన ప్రశ్ననే నాట్ల పాట వరసలో కట్టి పాడింది. సంఘపెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కానీ చేలో ఆమె వెనక పాట అందుకునే ఆడవాళ్ళు ఇక్కడా అందుకున్నారు. వరదలో ఇల్లు కొట్టుకుపోయినావిడ తన మాట ఒకటి కలిపింది. ఒక ముసలామె చనిపోయిన భర్త పేరు పలికి ఇంకొకటి కలిపింది. ఆ రోజు ప్రసంగం జరగలేదు. పాట అయ్యాక కూడా ఎవరూ ఇళ్ళకు పోలేదు. లేయమ్మ చుట్టూ కూర్చున్నారు.

సలోమి అడిగింది. "మరి దేవుడు ఆమెకు జవాబు చెప్పాడా, అమ్మగారూ?"

"నాకు తెలీదు. బతికున్నన్నాళ్ళూ ఆ పాట పాడుతూనే ఉండేది" అన్నారు కరుణమ్మగారు. "వినడనుకున్నవాణ్ణి ఎవరూ అంతకాలం పిలవరమ్మా."