సగం వినబడిన పేరు

అనగనగా సముద్రం ఒడ్డున, సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజుల్లో, ఒక ఊళ్ళో ఇందుమతి అని ఒక టీచరమ్మ ఉండేది అమ్మలూ. బళ్ళో సైన్సు చెప్పేది. ఆవిడ డాబా మీద రెండు వెదురుగడల మధ్య ఒక రాగితీగ కట్టి ఉండేది. కింద గదిలో వైర్‌లెస్ సెట్టు. దాంట్లో మాట్లాడితే ఎక్కడో ఉన్నవాళ్ళకి వినబడేది.

"మధ్యలో తీగ లేకుండా మాట ఎలా పోతుంది టీచర్?" అని పిల్లలు అడిగేవారు.

"నీళ్ళలో రాయి వేస్తే అలలు రావూ? ఈ రాగితీగలో కరెంటు అటూ ఇటూ ఊగితే అలాగే అలలు పుడతాయి. కంటికి కనబడవు. వెలుతురంత వేగంగా పోతాయి. మన మాటని వాటి మీద ఎక్కించి పంపుతాం. అవతల ఇంకో తీగ వాటిని పట్టుకుంటే, సెట్టు మళ్ళీ మాట చేస్తుంది" అనేది.

మీ నాన్న డ్యూటీ నుంచి నీకు ఫోను చేస్తాడే, ఆ మాట వచ్చేదీ అలాంటి అలల మీదే.

అప్పుడు ఒక ఏడాది పెద్ద తుపాను వచ్చింది. స్తంభాలు కూలిపోయాయి. ఫోన్లు మూగబోయాయి. సముద్రంలో చేపల వేటకి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

మూడో రోజు పొద్దున గాలి తగ్గింది. ఇందుమతి ఒక కారు బ్యాటరీకి సెట్టు తగిలించింది. దూరాన ఇంకో రేవులో సలీం అనే ఆయనకీ అలాంటి సెట్టే ఉంది. అక్కడికి కొట్టుకొచ్చినవాళ్ళ పేర్లు ఆయన చదువుతుంటే, ఈవిడ విని వాకిట్లో జనానికి చెప్పేది.

మొదట ఒక ముసలాయన కొడుకు పేరు వచ్చింది. ఆయన నేల మీద కూలబడి సంతోషంతో ఏడ్చాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరి పేర్లు వచ్చాయి. మూడోసారికి బ్యాటరీ నీరసించింది. సెట్టులో గరగర ఎక్కువైంది. "...ంగయ్య, క్షేమం" అని మాత్రం వినబడింది.

సరిగ్గా వినబడకపోతే మళ్ళీ చెప్పమని అడగాలి. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కానీ గుమ్మంలో నూకాలమ్మ నిలబడి ఉంది. ఆమె మొగుడు సింగయ్య. మూడు రోజులుగా ఆమె మెతుకు ముట్టలేదు. ఆ మొహం చూసి ఇందుమతి ఆగలేకపోయింది.

"సింగయ్య క్షేమంగా ఉన్నాడు నూకాలమ్మా" అంది.

నూకాలమ్మ రేవుకి పరిగెత్తింది. అక్కడ ఆమె తమ్ముడు సింగయ్యని వెతకడానికి పడవ తీస్తున్నాడు. "వద్దురా, మీ బావ దొరికాడు" అని పడవ ఆపించింది.

మర్నాడు ఇంకో బ్యాటరీ తెచ్చి పెట్టారు. అప్పుడు సలీం గొంతు స్పష్టంగా వచ్చింది. ముందురోజు ఆయన చెప్పిన పేరు సింగయ్య కాదు, గంగయ్య. పక్క పేటవాడు.

అప్పుడు పడవ వెళ్ళింది. సాయంత్రానికి సింగయ్య దొరికాడు గానీ, ప్రాణంతో కాదు. ముందురోజే వెళ్ళి ఉంటే బతికేవాడేమో. వెళ్ళినా అంతేనేమో. అది ఎవరికీ తెలీదమ్మా.

ఇందుమతి వెళ్ళి నూకాలమ్మ ముందు కూర్చుంది. "పేరు సగమే వినబడింది. అడక్కుండా మిగతాది నేనే కలిపి చెప్పాను. తప్పు నాదే" అంది.

"ఒక్కసారి అడగాల్సింది టీచరమ్మా" అంది నూకాలమ్మ. అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదనిపించింది ఇందుమతికి.

ఆ తర్వాత ఆవిడ సెట్టు మీద గుడ్డ కప్పేసింది. ఆరేళ్ళు ముట్టుకోలేదు.

ఆరేళ్ళకి మళ్ళీ తుపాను వచ్చి ఫోన్లు పోయాయి. జనం వచ్చి బతిమాలితే, గుడ్డ తీసింది. ప్రతి పేరూ మూడేసిసార్లు చెప్పించుకుంది. వాకిట్లోవాళ్ళు విసుక్కున్నారు.

"ఎన్నిసార్లమ్మా, తొందరగా చెప్పు" అన్నాడు ఒకాయన.

"అడగనీ అన్నా" అంది వెనక నుంచి నూకాలమ్మ.

ఇందుమతి తల తిప్పి చూడలేకపోయింది. కళ్ళు తుడుచుకుని, సలీంని నాలుగోసారి అడిగింది.

కథేమో కంచి దారి పట్టింది,
మా అమ్మలుకి కునుకు పట్టింది.