చెన్నక్క గుమ్మంలో మేకు

రహంతుల్లాకు సోమవారం ఆపరేషన్. కిడ్నీలో రాయి. పెద్ద విషయమేం కాదని డాక్టరు చెప్పాడు, కానీ మత్తు ఇవ్వాలన్నాడు. ఆ మాట దగ్గరే రహంతుల్లా ఆగిపోయాడు. కత్తి అంటే అతనికి భయం లేదు. తను మత్తులో ఉన్నంతసేపు తన ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్నదే అతని భయం.

అతను ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్. ఊళ్ళో ఎవరి ఫోన్ మొరాయించినా అతని దగ్గరికే వస్తారు. బాగుచేసి ఇస్తూ అందరికీ ఒకే మాట చెబుతాడు: "కన్నతల్లి అడిగినా పాస్‌వర్డ్ చెప్పొద్దు." తను చెప్పిన మాట తనే అందరికంటే గట్టిగా పాటించాడు. బ్యాంకు, బీమా, ఆసుపత్రి కార్డు, గ్యాసు, పాప బడి, అన్నీ ఫోన్‌లోనే. వాటి పాస్‌వర్డులన్నీ అతని తలలోనే.

ఆ వారం భార్య షాహిదా అడిగింది.

"ఆసుపత్రిలో బీమా కాగితం అడుగుతారంట. మీరు లోపలుంటే నేనేం చూపించాల?"

"అంతా ముందే కట్టుదిట్టం చేసి పోతాలే."

"ఏమన్నా అయితే?"

"ఏం కాదు."

షాహిదా మళ్ళీ అడగలేదు. ఆ రోజునుంచి అన్నం వడ్డించేటప్పుడు "పెరుగు వెయ్యనా" అనడం తప్ప వేరే మాట లేదు. ఆమె కోపంగా ఉంటే గిన్నెలు చప్పుడు చేస్తాయి. ఈసారి గిన్నెలు కూడా చప్పుడు చేయలేదు. అది రహంతుల్లాకు మరీ కష్టంగా తోచింది.

శనివారం మధ్యాహ్నం అతను తకియాకు వెళ్ళాడు. అది పాత వీధిలో ఒక చిన్న దర్గా. పక్కన బాటసారులు, ఫకీర్లు దిగడానికి ఒక వసారా, దాని వెనక ఒక గది. ఆ గదిలో గౌస్ హజరత్ ఉంటాడు. రహంతుల్లా చిన్నప్పుడు అక్కడే ఖురాన్ చదువుకున్నాడు. పెద్దయ్యాక ఆయన చేతిలో చేయి పెట్టి మురీదు, అంటే శిష్యుడు, అయ్యాడు. ఏ నిర్ణయమైనా ఆయన్ను అడక్కుండా తీసుకోడు.

అతను వెళ్ళేసరికి వీధిలో గొడవ జరుగుతోంది. గొడవంటే ఒకవైపు నుంచే. ఎదురింటి చెన్నక్క తన అరుగు మీద నిలబడి తకియా వైపు చేయి చాపి అరుస్తోంది. తకియా మేక ఆమె కనకాంబరం మొక్కలు మేసింది.

"మేకను పెంచేవాడు కట్టేసుకోవాల! నమాజులు చేస్తే సరిపోతాదా? ఆ మేకకు ఎవురు చెప్పాల ఇది నీ పెరడు కాదని?"

హజరత్ లోపల కూర్చుని సంచిలో బట్టలు సర్దుకుంటున్నాడు. వేరే ఊరి దర్గాలో ఉరుసు ఉత్సవం ఉంది, సాయంత్రం బస్సుకు బయల్దేరుతున్నాడు. చెన్నక్క అన్న ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు.

"ఆమె చెప్పేది నిజమే," అన్నాడు రహంతుల్లాను చూసి. "మేక తప్పే. కూర్చో. మొహం అట్లుందేంది?"

"హజరత్, ఒక సలహా కావాల."

"అడుగు."

"పాస్‌వర్డులన్నీ ఒకే పెట్టెలో వేసి బీగమేసే యాప్‌లు ఉండాయి. ఆ పెట్టెకు ఒకటే పెద్ద పాస్‌వర్డ్. అదొక్కటి గుర్తుంటే చాలు, మిగతావన్నీ అదే చూసుకుంటాది."

"మంచిదే కదా. ఆ ఒక్కటి మరచిపోతే?"

"మరచిపోతే అంతే. ఆ యాప్ తయారుచేసినోళ్ళు కూడా తియ్యలేరు."

"అబ్బో, గట్టి పెట్టె."

"చానా చూసి రెండింటికి తెచ్చినా. రెండూ గట్టివే. మొదటిదాంట్లో నాకు తప్ప ఇంకెవరికీ దారి లేదు. రెండోదాంట్లో ఒక కిటికీ పెట్టినారు. నమ్మకమైన మనిషి పేరు ఒకటి ఇమ్మంటాది. నాకేమన్నా అయితే ఆ మనిషి అడగొచ్చు. అడిగితే పెట్టె తెరుచుకుంటాది."

"ఎవురి పేరు ఇచ్చినావు?"

"ఇయ్యలేదు. ఆ గడి ఖాళీగా ఉండాది. అందుకే మొదటిదే మేలనుకుంటాండా. మీరు సరే అంటే ఈ పూటే వేసేస్తా."

హజరత్ సంచి మూతి ముడి వేశాడు.

"షాహిదా లేదా ఇంట్లో?"

రహంతుల్లా నేల వైపు చూశాడు. "మా పెండ్లిలో ఏం జరిగిందో మీకు తెలుసు కదా, హజరత్."

అది ఊరందరికీ తెలుసు. పెళ్ళికి ముందు రహంతుల్లా షాహిదాకు ఫోన్‌లో మెసేజ్‌లు రాసేవాడు. మామూలు మాటలు కావు, కవిత్వం. అప్పట్లో తన ఫోన్ ఎలా తెరవాలో మేనమామ కొడుకులకు చెప్పి ఉన్నాడు. వాళ్ళు పెళ్ళి విందులో మైకు పట్టుకుని ఆ కవిత్వమంతా చదివారు. చంద్రుడితో పోల్చింది ఒకటి, చక్కెర పాకంతో పోల్చింది ఒకటి. ఖాజీ గారు కూడా గడ్డం చాటున నవ్వారు. షాహిదా ముసుగులోనే భుజాలు ఊగిపోయేలా నవ్వింది.

"అందరూ నవ్వితే నవ్వినారు," అన్నాడు రహంతుల్లా. "ఆమె కూడా నవ్వింది."

హజరత్ సంచి భుజానికి వేసుకుని లేచాడు. "బస్సుకు టైమవుతాంది. నా చేతులు వణుకుతాయి, నువ్వే బీగమెయ్యి."

రహంతుల్లా తలుపు దగ్గరగా వేసి తాళం పెట్టాడు. గట్టిగా లాగి చూశాడు. చాలక మళ్ళీ లాగాడు. తాళంచెవి హజరత్‌కు అందించాడు.

"లోపలి జేబులో పెట్టుకోండి. బస్సులో జాగ్రత్త."

హజరత్ చేయి చాపలేదు.

"ఎదురింట్లో ఇచ్చి రా."

"చెన్నక్కకా?"

"ఆమెకే."

"ఇందాకట్నుంచి మిమ్మల్ని తిడతానే ఉంది కదా!"

"తిడతాంది. అంటే ఇంట్లోనే ఉన్నట్టు కదా."

రహంతుల్లా వీధి దాటాడు. వెనకే హజరత్ కూడా వచ్చాడు.

చెన్నక్క అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది: "ఏం సాయిబూ, నీ మేకను నా మీద వదిలి ఊరేగను పోతాండావా?"

"పోతాండా చెన్నక్కా. ఉరుసు."

"పో, పో. అది మళ్ళా నా చెట్ల జోలికొచ్చిందంటే, నువ్వు తిరిగొచ్చేసరికి కొమ్ములు కూడా మిగలవు. ముందే చెప్తాండా."

అంటూనే చేయి చాపి రహంతుల్లా చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. చీర కొంగుతో తుడిచి, లేచి, గుమ్మం పక్కనున్న మేకుకు తగిలించింది.

"దీపానికి నూనె ఉందా?"

"గూట్లో సీసా ఉంది."

"అది పోసేది కాదులే. పోయినసారి ఒకటే పొగ, నాకు దగ్గొచ్చె. మా ఇంటిది తెచ్చి పోస్తా."

ఆ తకియాలో సాయంత్రం దీపం పెట్టకుండా ఉండకూడదు. హజరత్ ఊళ్ళో లేనప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళు పెట్టాలి. ఆయన గురువు కాలం నుంచీ అదే పద్ధతి.

రహంతుల్లా ఆ మేకు వైపు చూస్తూ నిలబడ్డాడు. అది అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు ఖురాన్ చదువు అయిపోయాక ఈ అరుగు మీదే ఆడుకునేవాడు. అప్పుడు ఆ మేకు కనిపించేది కాదు, అన్ని తాళంచెవులుండేవి దానికి. పెళ్ళికి పోయినా, కాన్పుకు పోయినా, తిరుణాలకు పోయినా వీధిలో వాళ్ళు తలుపు వేసి, చెవి తెచ్చి చెన్నక్క చేతిలో పెట్టి బండెక్కేవాళ్ళు. ఏది ఎవరిదో తెలియడానికి వాటికి గుడ్డ పీలికలు కట్టి ఉండేవి. కంసాలి వాళ్ళది ఎర్ర పీలిక. టీచరమ్మ వాళ్ళది పాత రిబ్బను. గాలి వీస్తే అన్నీ గలగలమనేవి. ఆమె ఆ ఇళ్ళలో చెట్లకు నీళ్ళు పోసేది, పిల్లికి పాలు పెట్టేది, వాన వస్తే పెరట్లో బట్టలు తీసేది. పనిలో పనిగా వాళ్ళ ఊరగాయ జాడీ మూత తీసి రుచి చూసేది. వాళ్ళు తిరిగొచ్చి చెవి తీసుకునేటప్పుడు "ఉప్పెక్కువైంది ఈ ఏడాది" అని చెప్పి మరీ ఇచ్చేది.

ఇప్పుడు మేకుకు తకియా తాళంచెవి ఒక్కటే ఉంది. దానికి పీలిక కూడా లేదు. కలిసిపోవడానికి పక్కన మరొకటి లేదు కాబట్టి.

"ఏంది రహంతూ, అట్ల చూస్తాండావు?" అంది చెన్నక్క. "మేకు పీకెయ్యమని మా కోడలు గొడవ. చీరలు తగులుకొని చినుగుతాండాయంట. ఇప్పుడు ఎవురూ చెవులు ఇయ్యరు కదా, ఎందుకంటాది. నేనే వద్దన్నా. సోమవారం కదా నీ ఆపరేషను? మీ షాహిదా చెప్పింది. అన్నం నేను పంపుతా, ఆసుపత్రి సాంబారు తినొద్దు."

"సరే అక్కా," అన్నాడతను.

బస్టాండుకు నడుస్తున్నప్పుడు రహంతుల్లా ఉండబట్టలేక అడిగాడు.

"ఆమె లోపల అన్నీ చూస్తాది, హజరత్."

"చూస్తాది."

"చూసింది ఊరికే ఉంచుకోదు. వీధంతా చెప్తాది."

"చెప్తాది. నా పెట్టెలో అన్నీ చినిగిన బనీన్లే అని వీధంతా చెప్పింది. పీరు సాయిబు పెట్టెలో బొక్కలే ఉండాయి, బనీన్లు లేవు అని నా మొహం మీదే నవ్వింది. నేను కొన్నాళ్ళు ఆ దారిన తల ఎత్తుకొని పోలేకపోయినా."

"అయినా ఆమెకే ఇస్తారా?"

హజరత్ కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆ వయసులో నడుస్తూ మాట్లాడటం ఆయనకు కష్టం.

"వరద వచ్చిన ఏడాది నేను ఆదోనిలో ఉన్నా. వీధిలో నడుము లోతు నీళ్ళు. అందరూ మిద్దెలెక్కినారు. చెన్నక్క ఆ నీళ్ళలో వీధి దాటి వచ్చి తలుపు తీసింది. డప్పులు, దర్గా మీద కప్పే చాదర్లు, మా గురువు చదివిన కితాబులు, నా పెట్టె, అన్నీ మోసి అటక మీద పెట్టింది. ఒక్కటి తడవలేదు."

మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు.

"బనీన్లు చూసింది ఆ పొద్దే."

రహంతుల్లా బస్టాండులో టీ తెచ్చిచ్చాడు. ఆయన తాగి గ్లాసు తిరిగిచ్చాడు. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, సంచి కాళ్ళ దగ్గర పెట్టి, దిగబోతుంటే హజరత్ అతని చేయి పట్టుకున్నాడు.

"బీగం దొంగలకని వేస్తాం నాయనా," అన్నాడు. "చెవి చేయించేది ఎవురికని?"

సమాధానం కోసం ఆయన చూడలేదు. కండక్టరు అరుస్తున్నాడు. రహంతుల్లా దిగిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి షాహిదా ఆసుపత్రి సంచి సర్దుతోంది. దుప్పటి, గ్లాసు, చెంచా, అతని లుంగీలు. అతను చెప్పులు విడిచి ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాడు. ఫోన్ తీసి, కిటికీ ఉన్న రెండో యాప్ తెరిచాడు. పాస్‌వర్డులు ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కించాడు. బీమా, బ్యాంకు, పాప బడి. షాహిదా లుంగీ మడత పెడుతూ ఓరగా చూసింది.

ఖాళీ గడి వచ్చింది. అతను ఆమె పేరు రాసి, ఆమె నంబరు రాశాడు. ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

"ఏంది ఇది?"

"నాకు మత్తు ఇచ్చినాక ఏదన్నా కావాల్నంటే, నువ్వు దీన్ని అడుగు. అన్నీ ఇస్తాది."

ఆమె తన పేరు చదువుకుంది. లుంగీ ఒళ్ళోనే ఉండిపోయింది. "అన్నీనా?" అంది.

"అన్నీ."

ఫోన్ ఇంకో ప్రశ్న అడిగింది. ఈ మనిషి అడిగినప్పుడు ఎన్నాళ్ళు ఆగి తెరవమంటారు? కింద వరసగా ఉన్నాయి: ఒక నెల, ఒక వారం, ఒక రోజు. ఈలోపు మీరు వద్దనవచ్చు అని పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది.

రహంతుల్లా వేలితో ఆ వరసను కిందికి జరుపుతూ పోయాడు. అన్నిటికంటే అడుగున "వెంటనే" అని ఉంది.

దాన్ని నొక్కాడు.