నిండు సిగ్నల్

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు భానోజీ మాస్టారికి లేదు. అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కడికో నడిచేవారు. ఆయన దగ్గర నెట్‌వర్క్ పని నేర్చుకున్న ఎస్తేరుకి ఆ సంగతి తెలుసు గాని, గోదావరికి వరద వచ్చిన ఆ ఉదయం మాత్రం ఆమెకు అంత ఓపిక లేదు.

వరద సాయం చూసే ఒక సంస్థ ఆఫీసులో వైఫై బాధ్యత ఎస్తేరుది. మామూలు రోజుల్లో నలుగురైదుగురు మసిలే చోటికి ఊరు ఊరంతా కదిలినట్టు వాలంటీర్లు వచ్చిపడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఫోను, సంచిలో ల్యాప్‌టాపు. నది నడుమ లంక గ్రామాల నుంచి సాయం కోరే పిలుపులూ ఆ వైఫై మీదే రావాలి. మాటలు తెగిపోతుంటే ఆమె గోడలకున్న వైఫై పెట్టెలన్నిటి బలం చివరికంటా పెంచేసింది. ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండాయి. మాటలు ఇంకా తెగాయి.

అంతలో వీరమణి అనే ఆవిడ ఫోను చేసింది. కోడలికి నొప్పులు మొదలయ్యాయని, డాబా మీద ఉన్నామని వినబడింది. ఏ లంకో చెప్పేలోపే గొంతు ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అక్కడే తెగింది.

వరద పనికి తోడుగా వచ్చి పక్కగదిలో కూర్చున్న మాస్టారి దగ్గరికి ఎస్తేరు పరుగెత్తింది. "మాస్టారూ, ఉన్న బలమంతా పెట్టాను. సిగ్నల్ నిండుగా ఉంది. అయినా మాటెందుకు నిలవట్లేదండీ?"

ఆయన లేచి ఆమెను హాల్లోకి తీసుకెళ్ళారు. అక్కడ పక్కవాడు అరుస్తున్నాడని ఒకడు, ఆ ఒకడు అరుస్తున్నాడని పక్కవాడు గొంతు పెంచుకుంటూ పోతున్నారు. ఎవరి మాటా ఎవరికీ అందడం లేదు. మాస్టారు నడుమ నిలబడి చెయ్యెత్తారు.

"ఎదురుగా ఉన్న మనిషికి వినబడితే చాలు బాబూ. పడవల సంగతి చూసేవాళ్ళు వరండాలోకి వెళ్ళండి."

హాలు సద్దుమణిగింది. ఒక మూల నుంచి ఎవరో అమ్మాయి మామూలు గొంతుతో మంచినీళ్ళ సీసాలెక్కడని అడిగితే, అవతలి మూల నుంచి జవాబు వచ్చింది.

ఎస్తేరు గోడ మీది పెట్టెకేసి చూసింది. ఎదురుగోడ మీది పెట్టెకేసి చూసింది. కూర్చుని, ఒక్కో పెట్టె బలం తన గది వరకే అందేలా తగ్గించింది. పక్కపక్క పెట్టెలు ఒకదానికొకటి అడ్డురాకుండా వాటికి వేర్వేరు ఛానళ్ళు ఇచ్చింది. బల్లల మీది కంప్యూటర్లకు తీగలు కలిపింది. సాయం ఫోన్లకు విడిగా ఒక దారి ఉంచి, మిగిలినవాళ్ళని సొంత డేటా వాడుకోమని బతిమాలింది.

వీరమణి మళ్ళీ ఫోను చేసింది. "మల్లెలంక, బడి వెనక డాబా" అన్న మాట పొల్లుపోకుండా వచ్చింది. పడవ బయల్దేరింది.

మధ్యాహ్నం ఎస్తేరు ఫోను పక్కన పెట్టుకునే అన్నం తింది. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. వీరమణే. మనవరాలు పుట్టిందని, తల్లీపిల్లా ఆసుపత్రిలో క్షేమంగా ఉన్నారని చెబుతూ ఏడ్చేసింది. ఆ సంతోషంలో ఎస్తేరు, ఆవిడ మాటకు అడ్డుపడి తానూ పొద్దుటి నుంచి పడ్డ ఆదుర్దా అంతా చెప్పబోయింది.

పక్క కుర్చీలో కూర్చుంటూ మాస్టారు మెల్లగా అన్నారు:

"ఉండమ్మా. ఆవిడని చెప్పనీ."