బాతు నిద్రకు సాక్షి

పలకగుట్ట మీదికి చలికాలంలో మబ్బులు నేలదాకా దిగుతాయి. కాసేపు పడుకుని, పొద్దెక్కాక లేచి వెళ్ళిపోతాయి. ఆ గుట్ట మీద నున్నటి బండ ఒకటుంది. అడవిలో ఎవరికి తెలిసింది వాళ్ళు సుద్దముక్కతో దాని మీద రాయొచ్చు. తప్పనిపిస్తే ఇంకొకరు తడి ఆకుతో తుడిచి సరిచేయొచ్చు. కూలి లేదు, సన్మానం లేదు. అయినా వచ్చి రాస్తూనే ఉంటారు. తెలిసిన సంగతిని కడుపులో దాచుకోవడం అంత తేలికేం కాదు మరి.

ఆ యేడు బండ మీద నడుస్తున్న వ్యాసం 'నిద్రలో మెదడు'. కలగన్నప్పుడు కాళ్ళు ఆడతాయని ఉడుత రాసింది. కాళ్ళు కాదు, మీసాలు ఆడతాయని అడవిపిల్లి దిద్దింది. రెండూ ఆడతాయని రాసి కోతి ఇద్దరికీ రాజీ కుదిర్చింది.

ఈ రాతలన్నీ చూసే పెద్ద తాబేలు తాత. తాతది ఒకటే పట్టు. ప్రతి మాట పక్కనా సాక్షి ఎవరో రాయాలి. రాసినవాళ్ళు తమకు తామే సాక్షి కాకూడదు. సాక్షి లేని మాట పక్కన ఎర్రమన్నుతో 'సాక్షి ఎవరు?' అని రాస్తాడు. పున్నమిదాకా చూసి, అప్పటికీ సాక్షి రాకపోతే తుడిచేస్తాడు.

గుట్ట కింద మడుగులో బాతుల మంద ఉంది. మంద నిద్రపోయేటప్పుడు అంచున పడుకునేది చుక్కమ్మ. ఒకరోజు అది గుట్టెక్కి బండ మీద ఇలా రాసింది: 'అంచున ఉన్న బాతు సగం మెదడుతోనే నిద్రపోతుంది. మిగతా సగం మేలుకుని ఒక కన్నుతో కాపలా కాస్తుంది.'

"సాక్షి ఎవరమ్మా?" అన్నాడు తాత.

"నేనే తాతా. రోజూ అట్లా పడుకునేది నేనే కదా!"

"నిద్రపోయేవాళ్ళకు తమ నిద్ర కనపడదు తల్లీ. బయటివాళ్ళెవరైనా చూశారా?"

"మావాళ్ళంతా అప్పుడు నిద్రలో ఉంటారు. మా అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది..."

"వాళ్ళూ బాతులేగా!" అంటూ తాత ఎర్రమన్ను అందుకున్నాడు.

పొదచాటు నుంచి నక్క ఇదంతా విన్నది. ఆ ఒక్క కన్ను వల్లే అది ఏళ్ళుగా ఎండ్రకాయలు నమిలి బతుకుతోంది. చుక్కమ్మ వెళ్ళగానే వచ్చి కిందనే రాసింది: 'ఒంటికన్ను నిద్ర వల్ల మెదడు సగం ఎండిపోతుంది. తెరిచిన కన్ను ఊరికే తెరుచుకుని ఉంటుంది. దానికేమీ కనపడదు.'

"దీనికి సాక్షి ఎవరు నాయనా?"

"తెస్తా తాతా. తొందరేముంది?"

నక్క తిన్నగా మడుగు గట్టున ఉన్న నేరేడుచెట్టు దగ్గరికి వెళ్ళింది. "చిలకమ్మా, బండ మీద కొత్త సంగతి రాశారు, చదివావా? నీకు తెలియకుండా అడవిలో సంగతి ఉండటమా!"

చిలక చదివింది. చదివి ఊరుకుంటే అది చిలకెందుకవుతుంది? మధ్యాహ్నానికి ఆ చెట్టూ ఈ చెట్టూ పాకింది మాట. ఎండిన సగం గలగలమంటుందని గోరింక చేర్చింది. తల ఊపితే వినపడుతుందని కోతి చేర్చింది. మర్నాడు నక్క చిలకను వెంటబెట్టుకుని గుట్టెక్కింది.

"నువ్వు విన్నావా చిలకమ్మా?" అన్నాడు తాత.

"విన్నాను తాతా. అడవంతా అదే మాట."

ఆరోజు మబ్బు మెత్తగా కమ్ముకుని ఉంది. తాతకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎక్కడ విన్నావని అడగలేదు. 'సాక్షి: చిలక' అని రాసేశాడు.

ఇక మడుగులో గోల మొదలైంది. "చుక్కమ్మా, అంచు కాపలా ఇక చాలు" అంది మందలో పెద్దమ్మ. "సాక్షితో సహా రాశారు. మధ్యకొచ్చి రెండు కళ్ళూ మూసుకుని పడుకో."

"పెద్దమ్మా, ఇదిగో తల ఊపుతున్నాను. గలగలమంటోందా?"

"ఎండిన తలకు వినపడదే పిచ్చిదానా!"

"అంచున ఎవరూ లేకపోతే నక్క ఊరుకుంటుందా? మనలో ఒక్కరూ మిగలరు."

"పున్నమిదాకా చూస్తాను. నీ మాట తుడిచేశారా, నువ్వు మధ్యకొస్తావు. అంతే."

నక్కకు కావలసిందీ అదే. పున్నమి దాటితే మడుగంతా దానికి విస్తరే. కానీ ఈలోగా ఒక వింత జరిగింది. దారిలో ముళ్ళపంది ఆపి, "బావా, బాతు కన్ను సంగతి విన్నావా?" అంది. నక్క లోపల నవ్వుకుంది. పక్కగుట్ట నుంచి వచ్చిన మేనమామ కూడా అదే చెప్పాడు. ఈసారి నవ్వు రాలేదు. 'ఇంతమంది అంటున్నారంటే ఎంతో కొంత ఉండే ఉంటుంది' అనుకుంది. గుట్టెక్కి మళ్ళీ చదువుకుంది. రాత తనదే. అయితేనేం, పక్కన సాక్షి ఉందిగా! కనపడని కంటికి భయపడి పున్నమిదాకా పస్తుండటమెందుకు?

పున్నమి ముందు రోజు పొద్దున్నే మడుగు మీద పొగమంచు పరుచుకుంది. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. చుక్కమ్మ ముక్కును వీపు ఈకల్లో దూర్చి, కుడి కన్ను మూసి, ఎడమ కన్ను తెరిచి నిద్రపోతోంది. సగం మెదడులో కల నడుస్తోంది. ఆకాశమే మడుగైంది. దాంట్లో వరికంకులు తలకిందులుగా పెరుగుతున్నాయి. చనిపోయిన అమ్మమ్మ వాటి మధ్య మెల్లగా ఈదుతోంది. రెండో సగంలో జమ్ముగడ్డి, మంచు, ఆకు చివర ఆగిన నీటిబొట్టు. కల ఒక పక్కా, మడుగు ఒక పక్కా, రెండు వాగులు కలిసి పారినట్టు సాగుతున్నాయి. కలలో కంకులు ఊగాయి. మడుగులో జమ్ము ఊగింది.

గాలి లేదు.

నక్క నక్కి నక్కి రాలేదు. తెరిచిన కంటికి ఎదురుగా, సొంత పెరట్లోకి వచ్చినట్టు దర్జాగా నడిచొచ్చింది. ఒక కాలు నీళ్ళలో పెట్టింది.

"క్వాక్!"

మంద మొత్తం ఒక్కసారిగా పొగమంచులోకి లేచింది. నక్క దూకింది. దానికి చిక్కింది బురద మాత్రమే, అదీ చంకలదాకా.

పక్కనే నీళ్ళలోంచి తాత తల పైకెత్తాడు. "ఏం నాయనా, పొద్దున్నే స్నానమా?"

"మోసం తాతా!" నక్క ఒళ్ళు మండిపోతోంది. "అది నిద్రపోతోంది! నా కళ్ళతో చూశాను. ముక్కు ఈకల్లో ఉంది, కుడి కన్ను గట్టిగా మూసుకుంది. అయినా ఆ ఎడమ కన్ను నన్ను చూసేసింది!"

"నిద్ర నటించిందేమో?"

"నటనా? బాతుల నిద్ర గురించి నాకు చెబుతావా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేను చూస్తున్నదే అది!"

"మరి కన్ను కనపడదని రాశావే?"

"అడవంతా అంటోంది కదా!"

తాత గట్టు మీది నేరేడుచెట్టుకేసి చూశాడు. "చిలకమ్మా, ఆ మాట నువ్వెక్కడ విన్నావు?"

"బండ మీద చదివాను తాతా."

"బండ మీద రాసిందెవరు?"

నక్క మూతిని బురదలోకి దించుకుంది. బురదలోంచి బుడగలు వచ్చాయి.

"ఈ ప్రశ్న నేను ఆరోజే అడగాల్సింది" అని తాత గుట్టకేసి బయల్దేరాడు. ఎక్కేసరికి సాయంత్రమైంది. నక్క మాట తుడిచేశాడు. చుక్కమ్మ మాట పక్కనున్న ఎర్రమన్నూ తుడిచాడు. అక్కడ సుద్దతో పొందికగా రాశాడు: 'సాక్షి: నక్క. దగ్గర నుంచి చూసింది. బాతులకు చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు.'

కింద మడుగులో పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "సరే చుక్కమ్మా, అంచు నీదే."

"అయితే కాసేపు పిలవకండి" అంది చుక్కమ్మ ముక్కును ఈకల్లో దూర్చుకుంటూ. "అమ్మమ్మ సగంలో ఆగిపోయింది."

నీతి: తన కేకే కొండకు తగిలి తిరిగొస్తే, కొండ ఒప్పుకున్నట్టు కాదు.